డిస్క్ ఇమేజ్ తెరవడానికి ఏ దారి? మౌంట్, లోసెటప్, యూడిస్క్స్, గెస్ట్‌మౌంట్ పోలిక

బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) బూట్ కావడం మానేసింది. దాని ఎస్‌డీ కార్డును అంతకుముందు కాపీ చేసి పెట్టుకున్న ఇమేజ్ ఫైల్ మీ ల్యాప్‌టాప్‌లో ఉంది, అందులోంచి ఒక్క కాన్ఫిగ్ ఫైల్ కావాలి. వైట్‌ఫీల్డ్ ఆఫీసులో ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో సుడో (అడ్మిన్ హక్కుతో కమాండ్ నడిపే వీలు) లేదు, అయినా ఐఎస్ఓ (సీడీ, డీవీడీల ఇమేజ్ ఫైల్) లోపలి ప్యాకేజీ ఒకటి చూడాలి. క్లయింటు పంపిన వర్చువల్ మెషిన్ డిస్కులోంచి లాగ్‌లు తీయాలి. అనంతపురం నుంచి అన్నయ్య తెచ్చిన పాత హార్డ్ డిస్కులో ఇరవై ఏళ్ల ఇంటి ఫోటోలున్నాయి, ఒక్క బైటు కూడా చెదరకూడదు.

పైకి నాలుగూ ఒకే పని, లోపలున్నది చూడడం. దారులు మాత్రం వేరు. ఒకదానికి పనికొచ్చే కమాండ్‌ను ఇంకోదాని మీద వాడితే ఫోటోలున్న డిస్కు మీద రాత పడవచ్చు, ఎవరో పంపిన ఇమేజ్ మీ కర్నెల్‌నే (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయను) దెబ్బతీయవచ్చు.

మా ఎంపిక ముందే చెబుతాం, ఇవన్నీ లినక్స్ కమాండ్లు. పార్టిషన్లున్న (భాగాలుగా విడగొట్టిన) సాదా ఇమేజ్‌కు లోసెటప్, అదీ రీడ్-ఓన్లీగా (చదవడానికి మాత్రమే). ఐఎస్ఓకు మామూలు మౌంట్ (లోపలున్నదాన్ని ఒక డైరెక్టరీకి తగిలించి తెరవడం) చాలు. సుడో లేని డెస్క్‌టాప్‌లో యూడిస్క్స్. వర్చువల్ మెషిన్ డిస్కు మీదే అయితే క్యూఎము-ఎన్‌బీడీ, పరాయిదైతే గెస్ట్‌మౌంట్. ఒకటి రెండు ఫైళ్లే కావాలంటే అసలు మౌంట్ చేయకండి.

ఒక మాట. ఇక్కడ వీలైనంత వరకు రెండు గీతలతో మొదలయ్యే పూర్తి పేరు ఆప్షన్లే ఇచ్చాం. ఒంటి అక్షరం ఆప్షన్లలో చిన్నక్షరం, పెద్దక్షరం వేరువేరు పనులు చేస్తాయి. లోసెటప్‌కు చిన్న డీ ఇస్తే ఒక్క డివైస్‌ను విప్పుతుంది, పెద్ద డీ ఇస్తే అన్నిటినీ విప్పేస్తుంది. పూర్తి పేరు రాస్తే ఆ పొరపాటు జరగదు.

ముందు ఫైల్ లోపల ఏముందో చూడండి

ఫైల్ పేరు చివర ఉన్న అక్షరాలను నమ్మకండి. ఐఎంజీ అని ఉన్న ఫైల్‌లో ఒకే ఫైల్‌సిస్టం ఉండవచ్చు, పార్టిషన్ టేబుల్‌తో కూడిన మొత్తం డిస్కు ఉండవచ్చు, లేదా క్యూకౌ2 అనే వర్చువల్ మెషిన్ ఫార్మాట్ డిస్కుకే ఎవరో ఆ పేరు పెట్టి ఉండవచ్చు. మూడు కమాండ్లతో తేలిపోతుంది:

ఫైల్ పై.ఐఎంజీ
ఎఫ్‌డిస్క్ --లిస్ట్ పై.ఐఎంజీ
క్యూఎము-ఐఎంజీ ఇన్ఫో పై.ఐఎంజీ

వీటిలో దేనికీ సుడో అక్కర్లేదు, ఏదీ ఇమేజ్ మీద రాయదు. రాస్ప్‌బెర్రీ పై కార్డు ఇమేజ్‌కు ఎఫ్‌డిస్క్ ఇచ్చే జవాబులో ముఖ్యమైన వరుసలు ఇలా ఉంటాయి:

పై.ఐఎంజీ1 — మొదలు 8192, సెక్టార్లు 524288, సైజు 256ఎం, ఫ్యాట్32
పై.ఐఎంజీ2 — మొదలు 532480, రకం లినక్స్

కొత్త ఇమేజ్‌లలో బూట్ పార్టిషన్‌ను 512 ఎంబీకి పెంచారు కాబట్టి రెండోది 1056768 దగ్గర మొదలవుతుంది. అందుకే ఎక్కడో చదివిన అంకెను అలాగే ఎక్కించకండి, మీ ఎఫ్‌డిస్క్ చూపిందే మీకు లెక్క. పైన ‘యూనిట్స్’ అన్న వరుసలో సెక్టారు సైజు 512 అని ఉందో లేదో కూడా చూసుకోండి.

మౌంట్, లోసెటప్, కేపార్టెక్స్

లినక్స్‌లో ఫైల్‌ను నేరుగా మౌంట్ చేయలేం, డిస్కునే మౌంట్ చేయగలం. మధ్యలో లూప్ డివైస్ నిలబడి ఫైల్‌ను డిస్కులా చూపిస్తుంది. ఆ లూప్‌ను ఎవరు తయారుచేస్తారు, ఎవరు విప్పుతారు అన్నదే ఈ మూడు దారుల మధ్య తేడా.

ఐఎస్ఓలో ఉండేది ఒకే ఫైల్‌సిస్టం. అక్కడ ఇంతే:

సుడో మౌంట్ -ఓ లూప్,ఆర్ఓ ఉబుంటు.ఐఎస్ఓ /ఎంఎన్‌టీ/ఐఎస్ఓ

మౌంట్ తానే ఖాళీ లూప్‌ను వెతుక్కుంటుంది. అన్‌మౌంట్ చేయగానే ఆ లూప్ కూడా దానంతటదే వదిలిపోతుంది. ఇప్పటి మౌంట్ కమాండ్‌కు ఫైల్ ఇస్తే ‘లూప్’ అని రాయకపోయినా అర్థం చేసుకుంటుంది. ఐఎస్ఓ ఎలాగూ రీడ్-ఓన్లీయే. ‘ఆర్ఓ’ రాయకపోతే ‘రైట్-ప్రొటెక్టెడ్, మౌంటెడ్ రీడ్-ఓన్లీ’ అని హెచ్చరిక వస్తుంది, అది తప్పేమీ కాదు.

ఇదే పద్ధతిని పార్టిషన్లున్న ఇమేజ్ మీద వాడబోతే ‘రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్’ అంటుంది. ఇమేజ్ పాడైందని చాలామంది ఇక్కడే అనుకుంటారు. అది పాడవలేదు. ఫైల్ మొదట్లో పార్టిషన్ టేబుల్ ఉంది, ఫైల్‌సిస్టం కొంత లోపల మొదలవుతుంది. ఎంత లోపలో ఆఫ్‌సెట్‌గా చెప్పాలి, సెక్టార్లలో కాదు, బైట్లలో. 532480ని 512తో హెచ్చవేస్తే 272629760.

సుడో మౌంట్ -ఓ ఆర్ఓ,ఆఫ్‌సెట్=272629760 పై.ఐఎంజీ /ఎంఎన్‌టీ/పై

ఇది పనిచేస్తుంది. కానీ మొదటి పార్టిషన్‌ను కూడా ఇలాగే, 4194304 ఆఫ్‌సెట్‌తో, ముందే మౌంట్ చేసి ఉంటే ‘ఓవర్‌ల్యాపింగ్ లూప్ డివైస్ ఎగ్జిస్ట్స్’ అని ఆగిపోతుంది. మొదటి లూప్‌కు ఎక్కడ ఆగాలో మీరు చెప్పలేదు కాబట్టి అది ఫైల్ చివరిదాకా తనదే అనుకుంటుంది, రెండోది దాని మీద పడుతుంది. మొదటిదానికి ‘సైజ్‌లిమిట్=268435456’ కూడా ఇస్తే ఆ గొడవ తీరుతుంది. ఇన్ని అంకెలు చేత్తో వేసేటప్పుడు ఒక్క సున్నా తప్పితే చాలు, మళ్లీ అదే ‘బ్యాడ్ సూపర్‌బ్లాక్’. స్క్రిప్టులో ఒకే పార్టిషన్ కావాలంటే తప్ప ఆఫ్‌సెట్ జోలికి వెళ్లవద్దని మా సలహా.

లోసెటప్‌తో ఈ లెక్కలేవీ ఉండవు:

సుడో లోసెటప్ --ఫైండ్ --షో --పార్ట్‌స్కాన్ --రీడ్-ఓన్లీ పై.ఐఎంజీ

జవాబుగా ‘/డెవ్/లూప్14’ లాంటి పేరు ఒక్కటి వస్తుంది. పార్టిషన్లు ‘/డెవ్/లూప్14పీ1’, ‘/డెవ్/లూప్14పీ2’గా కనిపిస్తాయి.

సుడో మౌంట్ -ఓ ఆర్ఓ /డెవ్/లూప్14పీ2 /ఎంఎన్‌టీ/పై

‘షో’ ఆప్షన్‌ను వదలకండి. ఉబుంటులో స్నాప్ ప్యాకేజీలు ఒక్కొక్కటీ ఒక లూప్‌ను పట్టుకుని కూర్చుంటాయి, కాబట్టి మీకు వచ్చేది లూప్0 అని ఊహించడం ప్రమాదం. స్క్రిప్టులో ఆ పేరును వేరియబుల్‌లో పట్టుకుని చివర అదే పేరుతో విప్పండి. ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్కులను చూపే కమాండ్) ఇచ్చే జాబితా స్నాప్ లూప్‌లతో నిండిపోతే ‘--ఎక్స్‌క్లూడ్ 7’ ఇవ్వండి, అవన్నీ పోతాయి. మీ లూప్ కూడా వాటితో పాటే మాయమవుతుంది కాబట్టి దాన్ని ‘లోసెటప్ --లిస్ట్’లో చూసుకోవాలి.

మౌంట్ దానంతటదే చేసిన లూప్‌లా ఇది తానుగా వదలదు. అన్‌మౌంట్ అయ్యాక ‘సుడో లోసెటప్ --డిటాచ్ /డెవ్/లూప్14’ అని మీరే విప్పాలి. మరిచిపోతే ఫైల్‌ను డిలీట్ చేసినా డిస్కులో జాగా తిరిగి రాదు. ‘ఫైల్ తీసేశాను, జాగా చూపే డీఎఫ్ కమాండ్ ఇంకా నిండుగానే చూపిస్తోంది’ అన్న చిక్కుకు ఇది ఒక కారణం.

కేపార్టెక్స్ పాత కాలపు దారి. పార్టిషన్లను ‘/డెవ్/మ్యాపర్/లూప్0పీ1’ అన్న పేర్లతో డివైస్ మ్యాపర్ ద్వారా పెడుతుంది. లోసెటప్ పార్ట్‌స్కాన్ బాగా పనిచేస్తున్న ఈ రోజుల్లో దీన్ని కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. పాత స్క్రిప్టులో కనబడితే ఏమిటో తెలిస్తే చాలు.

సుడో లేనప్పుడు

ఆఫీసు ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ సెషన్‌లో మీరే లాగిన్ అయి ఉంటే యూడిస్క్స్ మీ పక్షాన ఆ పని చేసిపెడుతుంది:

యూడిస్క్స్‌సీటీఎల్ లూప్-సెటప్ --రీడ్-ఓన్లీ --ఫైల్ పై.ఐఎంజీ
యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్ --బ్లాక్-డివైస్ /డెవ్/లూప్14పీ2

ఉబుంటులో ఇది ‘/మీడియా/మీ పేరు’ కింద, ఫెడోరాలో ‘/రన్/మీడియా/మీ పేరు’ కింద తెరుచుకుంటుంది. విప్పడానికి ‘అన్‌మౌంట్’, తర్వాత ‘లూప్-డిలీట్’. ఇదే కమాండ్‌ను ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి) లాగిన్ అయి కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది, లేదా కాదంటుంది. యంత్రం ముందు కూర్చున్నవాళ్లకే ఆ అనుమతి ఇచ్చేలా పోల్‌కిట్ (అనుమతులు చూసే సేవ) నియమం ఉంటుంది, అందుకే. సర్వర్‌లో దీని మీద ఆధారపడకండి.

ఒక్క ఫైల్ కోసమైతే మౌంట్ అనే మాటే వద్దు. 7జిప్ ఐఎస్ఓనే కాదు, ఈఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్ఎస్, స్క్వాష్ఎఫ్ఎస్, క్యూకౌ2, వీఎండీకే, వీడీఐలను కూడా తెరుస్తుంది. ‘7జెడ్ ఎల్’ అంటే జాబితా, ‘7జెడ్ ఎక్స్’ అంటే బయటికి తీయడం. ఫైల్ ఓనరు, పర్మిషన్లు సరిగ్గా రావు కాబట్టి మొత్తం రూట్ ఫైల్‌సిస్టం తీయడానికి పనికిరాదు. ప్యాకేజీ ఫైల్, లాగ్, ఫోటో తీయడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది.

రాస్ప్‌బెర్రీ పై కార్డులోని కాన్ఫిగ్ ఫైల్ ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంటుంది. దానికి ఎంటూల్స్ అనే ప్యాకేజీ ఉంది. ఆఫ్‌సెట్‌ను ఫైల్ పేరు పక్కనే రెండు ఎట్ గుర్తుల తర్వాత ఇస్తే చాలు, లూప్ లేదు, సుడో లేదు:

ఎంకాపీ -ఐ పై.ఐఎంజీ@@4194304 ::/కాన్ఫిగ్.టీఎక్స్‌టీ .

ఫైల్ మార్చి అదే దారిలో వెనక్కి కూడా రాయవచ్చు. సోర్స్, గమ్యం తారుమారు చేస్తే సరి. రాస్ప్‌బెర్రీ పైని హెడ్‌లెస్‌గా (మానిటర్, కీబోర్డు లేకుండా) నడిపేవాళ్లకు ఇంతకంటే తేలిక దారి లేదు.

వర్చువల్ మెషిన్ డిస్కులు

క్యూకౌ2, వీఎండీకే, వీడీఐ ఫైళ్ల మీద లూప్ పనిచేయదు. డేటా లోపల వరసగా ఉండదు. ఏ బ్లాక్ ఎక్కడుందో చెప్పే పట్టిక ఉంటుంది, దాన్ని చదవగల ప్రోగ్రాం కావాలి.

క్యూఎము-ఎన్‌బీడీ ఆ ఫైల్‌ను చదివి నెట్‌వర్క్ బ్లాక్ డివైస్ రూపంలో కర్నెల్‌కు అందిస్తుంది. ఉబుంటులో క్యూఎము-యుటిల్స్ ప్యాకేజీలో వస్తుంది.

సుడో మోడ్‌ప్రోబ్ ఎన్‌బీడీ మ్యాక్స్_పార్ట్=8
సుడో క్యూఎము-ఎన్‌బీడీ --రీడ్-ఓన్లీ --ఫార్మాట్=క్యూకౌ2 --కనెక్ట్=/డెవ్/ఎన్‌బీడీ0 డిస్క్.క్యూకౌ2
సుడో మౌంట్ -ఓ ఆర్ఓ /డెవ్/ఎన్‌బీడీ0పీ1 /ఎంఎన్‌టీ/వీఎం

‘ఎన్‌బీడీ0పీ1’ కనబడకపోతే ‘పార్ట్‌ప్రోబ్ /డెవ్/ఎన్‌బీడీ0’ కొట్టండి. పని అయ్యాక అన్‌మౌంట్ చేసి, ‘సుడో క్యూఎము-ఎన్‌బీడీ --డిస్‌కనెక్ట్ /డెవ్/ఎన్‌బీడీ0’.

ఫార్మాట్ తప్పకుండా రాయండి. రాయకపోతే క్యూఎము ఫైల్ మొదటి బైట్లను చూసి ఊహిస్తుంది. రా (ఏ పట్టికా లేని సాదా) ఫార్మాట్ డిస్కు మీద, లోపలున్న మెషిన్ క్యూకౌ2 హెడర్‌ను పోలిన బైట్లు రాసి, బ్యాకింగ్ ఫైల్ అంటూ మీ కంప్యూటర్‌లోని ఏదో ఫైల్ వైపు వేలు చూపించగలదు. ఊహించే క్యూఎము దాన్ని నమ్మి ఆ ఫైల్‌ను తెరుస్తుంది. రా అని మీరే చెబితే ఆ ఎత్తు పారదు.

గెస్ట్‌మౌంట్ దారి వేరు. అది చిన్న వర్చువల్ మెషిన్ ఒకటి లేపి, ఫైల్‌సిస్టంను దానిలోపలే మౌంట్ చేసి, ఫైళ్లను మాత్రం ఫ్యూజ్ (కర్నెల్ బయట ఫైల్‌సిస్టం నడిపే పద్ధతి) ద్వారా మీకు చూపిస్తుంది.

గెస్ట్‌మౌంట్ --యాడ్ డిస్క్.క్యూకౌ2 --ఇన్‌స్పెక్టర్ --ఆర్ఓ ~/వీఎం

ఏ పార్టిషన్ రూటో, ఎల్‌వీఎం (డిస్కుల జాగాను కలిపి పంచే పొర) ఉందో లేదో అన్నీ ‘ఇన్‌స్పెక్టర్’ తానే కనిపెడుతుంది. లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, కేవీఎం (వర్చువల్ మెషిన్లను వేగంగా నడిపే కర్నెల్ సదుపాయం) లేని చోట ఇంకా ఆలస్యం. వేగంలో క్యూఎము-ఎన్‌బీడీ ముందుంటుంది. అయినా పరాయి డిస్కుకు గెస్ట్‌మౌంటే సరైనదని గట్టిగా చెబుతాం. మౌంట్ చేయడమంటే ఆ ఇమేజ్‌లోని బైట్లను మీ కర్నెల్ ఫైల్‌సిస్టం డ్రైవర్‌కు తినిపించడం. కావాలని చెడగొట్టిన ఫైల్‌సిస్టంతో డ్రైవర్ లోపాన్ని వాడుకుంటే దెబ్బ నేరుగా కర్నెల్‌కే. గెస్ట్‌మౌంట్‌లో ఆ దెబ్బ చిన్న మెషిన్‌కు తగిలి అక్కడే ఆగుతుంది.

ఉబుంటులో గెస్ట్‌మౌంట్ మొదటిసారే మొరాయిస్తుంది. అది మీ కర్నెల్ ఫైల్‌ను చదివి చిన్న మెషిన్‌ను కట్టుకుంటుంది, కానీ ఉబుంటు ‘/బూట్’లోని కర్నెల్‌ను రూట్ తప్ప ఎవరూ చదవలేని పర్మిషన్‌తో పెడుతుంది. సుడోతో నడపండి, లేదా ఆ ఫైల్‌కు అందరూ చదివే పర్మిషన్ ఇవ్వండి. కర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది.

ఏ దారి పట్టినా, నడుస్తున్న మెషిన్ డిస్కును రాసే వీలుతో తెరవకండి. లోపలి కర్నెల్ తన క్యాషే నిజమనుకుంటుంది, బయటి మీ కర్నెల్ తనదే నిజమనుకుంటుంది. ఇద్దరూ ఒకే పట్టికను ఎవరికి వారు తిరగరాస్తారు. ఫైల్‌సిస్టం పాడవుతుంది. మెషిన్ ఆపి, ఆ తర్వాతే తెరవండి.

రీడ్-ఓన్లీ అన్నా రాత పడుతుంది

పాత హార్డ్ డిస్కు దగ్గర ఎక్కువమంది పొరబడేది ఇక్కడ. ‘మౌంట్ -ఓ ఆర్ఓ /డెవ్/ఎస్‌డీబీ1’ అంటే డిస్కు మీద ఏమీ రాయదని అనుకుంటాం. మీరు ఫైళ్లు రాయలేరన్నది నిజమే. కానీ ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టం సరిగ్గా మూతపడకపోతే, కరెంటు పోయిందో కేబుల్ ఊడిందో, కర్నెల్ మౌంట్ చేసే ముందు జర్నల్‌ను (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చిట్టాను) తిరగేసి, సగంలో ఆగిన మార్పులను డిస్కు మీద పూర్తిచేస్తుంది. ‘ఆర్ఓ’ దాన్ని ఆపదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కుకు, సాక్ష్యంగా దాచాల్సిన డిస్కుకు ఆ రాతే ముప్పు.

నిజంగా ఆపాలంటే డివైస్ స్థాయిలో ఆపాలి. అసలు డిస్కు అయితే:

సుడో బ్లాక్‌డెవ్ --సెట్ఆర్ఓ /డెవ్/ఎస్‌డీబీ
సుడో బ్లాక్‌డెవ్ --సెట్ఆర్ఓ /డెవ్/ఎస్‌డీబీ1

ఇమేజ్ అయితే లోసెటప్‌కు ‘రీడ్-ఓన్లీ’ ఇస్తే సరిపోతుంది. అప్పుడు జర్నల్ మిగిలి ఉన్న ఈఎక్స్‌టీ4ను మౌంట్ చేయబోతే కర్నెల్ ఒప్పుకోదు. డీమెస్గ్‌లో (కర్నెల్ సందేశాల జాబితాలో) ‘రైట్ యాక్సెస్ అనవైలబుల్, కెనాట్ ప్రొసీడ్, ట్రై మౌంటింగ్ విత్ నోలోడ్’ అన్న వరుస కనబడుతుంది. అది మంచి సంకేతం, కాపలా పనిచేస్తోందన్నమాట. అది సూచించినట్టే చేయండి:

సుడో మౌంట్ -ఓ ఆర్ఓ,నోలోడ్ /డెవ్/లూప్14పీ2 /ఎంఎన్‌టీ/పాత

నోలోడ్ అంటే జర్నల్‌ను ముట్టుకోవద్దని. దానికి మూల్యం ఉంది, చివరి నిమిషాల్లో మారిన ఫైళ్లు సగం సగంగా కనబడవచ్చు, ఒకటి రెండు డైరెక్టరీలు తప్పు చెప్పవచ్చు. ఎక్స్ఎఫ్ఎస్‌లో ఇదే పనికి ‘ఆర్ఓ,నోరికవరీ’. అసలు డిస్కు, దాని ఇమేజ్ రెండూ ఒకేసారి తగిలించి ఉంటే ఎక్స్ఎఫ్ఎస్ ‘డూప్లికేట్ యూయూఐడీ’ (ఒకే గుర్తింపు సంఖ్య రెండుచోట్ల ఉంది) అని ఆగుతుంది, ‘నోయూయూఐడీ’ జోడించండి. బీటీఆర్ఎఫ్ఎస్‌కు అలాంటి తప్పించుకునే దారి వెతకవద్దు, అసలునూ నకలునూ ఒకే యంత్రానికి ఒకేసారి చూపించకపోవడమే క్షేమం. అది యూయూఐడీని బట్టే డిస్కులను పోల్చుకుంటుంది, ఒకటనుకుని ఇంకోదాని మీద రాయగలదు.

జర్నల్ తిరగేస్తేనే ఫోటోలు సరిగ్గా కనబడేలా ఉంటే ఏంచేయాలి? ఇమేజ్ 500 జీబీ, ఇంకో నకలుకు జాగా లేదు అనుకోండి. క్యూఎము-ఎన్‌బీడీకి ‘స్నాప్‌షాట్’ ఆప్షన్ ఉంది:

సుడో క్యూఎము-ఎన్‌బీడీ --స్నాప్‌షాట్ --ఫార్మాట్=రా --కనెక్ట్=/డెవ్/ఎన్‌బీడీ0 పాత.ఐఎంజీ

ఇప్పుడు ఎన్‌బీడీ0 మీద రాయవచ్చు, ఎఫ్ఎస్‌సీకే కూడా నడపవచ్చు. రాతలన్నీ ఒక తాత్కాలిక ఫైల్‌లోకి వెళ్తాయి, అసలు ఇమేజ్ కదలదు. డిస్‌కనెక్ట్ చేయగానే మార్పులు పోతాయి, కాబట్టి కావలసిన ఫోటోలు ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి. పాడైన ఇమేజ్ మీద ప్రయోగాలకు ఇంతకన్నా నిశ్చింత దారి మాకు తెలియదు. ఎఫ్ఎస్‌సీకేను నేరుగా అసలు డిస్కు మీద నడపడం మాత్రం చివరి పని. అది ఫైళ్లను కాపాడే పరికరం కాదు, ఫైల్‌సిస్టం లెక్కలను సరిచేసే పరికరం. లెక్క కుదరడానికి ఫైళ్లను తీసేయడానికీ వెనకాడదు.

మౌంట్ ‘అన్‌నోన్ ఫైల్‌సిస్టం టైప్’ అని చెప్పి పక్కన ‘ఎల్‌వీఎం2_మెంబర్’ లేదా ‘క్రిప్టో_లక్స్’ అని రాస్తే, మధ్యలో ఇంకో పొర ఉందని. లక్స్ (ఎన్‌క్రిప్షన్ పొర) అయితే ‘క్రిప్ట్‌సెటప్ ఓపెన్ --రీడ్ఓన్లీ’, ఎల్‌వీఎం అయితే ‘వీజీచేంజ్ --యాక్టివేట్ వై’. ఆ తర్వాత ‘/డెవ్/మ్యాపర్’ కింద వచ్చిన పేరును మౌంట్ చేయాలి. మీ ల్యాప్‌టాప్‌లోనూ ఇమేజ్‌లోనూ వాల్యూమ్ గ్రూప్ పేరు ఒకటే అయితే ఎల్‌వీఎం తికమక పడుతుంది. అలాంటప్పుడు గెస్ట్‌మౌంట్‌కు మారిపోండి, దాని చిన్న మెషిన్‌లో మీ గ్రూప్ ఉండదు.

విండోస్ డిస్కు: ఎన్‌టీఎఫ్ఎస్3నా, ఎన్‌టీఎఫ్ఎస్-3జీనా

ఇంటి ఫోటోలున్న డిస్కు చాలావరకు ఎన్‌టీఎఫ్ఎస్ అయి ఉంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్-3జీ ఫ్యూజ్ ద్వారా యూజర్ స్పేస్‌లో నడుస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్3 పారగాన్ సంస్థ రాసిన కర్నెల్ డ్రైవర్, 2021లో 5.15 కర్నెల్‌తో వచ్చింది. పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు ఎన్‌టీఎఫ్ఎస్3 ప్రాసెసర్‌ను తక్కువ వాడుతుంది. చదవడానికైతే రెండూ బాగుంటాయి. రాయాల్సి వస్తే, అదీ పాత డిస్కు మీద, ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న ఎన్‌టీఎఫ్ఎస్-3జీనే మేం ఎంచుకుంటాం.

విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో ఆపిన డిస్కు నిజానికి పూర్తిగా ఆగలేదు, నిద్రలో ఉంది. ఎన్‌టీఎఫ్ఎస్-3జీ దాన్ని గుర్తించి రీడ్-ఓన్లీగా మాత్రమే తెరుస్తుంది. ఎన్‌టీఎఫ్ఎస్3 అయితే ‘వాల్యూమ్ ఈజ్ డర్టీ అండ్ ఫోర్స్ ఫ్లాగ్ ఈజ్ నాట్ సెట్’ అని నిరాకరిస్తుంది. ఫోర్స్ ఇచ్చేయకండి. విండోస్ యంత్రం అందుబాటులో ఉంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి, లేదా అక్కడే చెక్‌డిస్క్ నడపండి. లేకపోతే ‘ఆర్ఓ’తో తెరిచి ఫోటోలు తీసుకోండి, ఎలాగూ కావలసింది అంతే.

పెన్‌డ్రైవ్ రెండు వ్యవస్థల మధ్య తిరగాలంటే ఎక్స్‌ఫ్యాట్. 2020లో వచ్చిన 5.7 కర్నెల్ నుంచి దాని డ్రైవర్ లినక్స్‌లోనే ఉంది. ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు, పెళ్లి వీడియో కాపీ చివర్లో ఆగిపోయేది అందుకే. ఈ రెండింటిలోనూ లినక్స్ ఓనర్, పర్మిషన్లు ఉండవు. మౌంట్ చేశాక ఛోన్ (ఓనర్‌ను మార్చే కమాండ్) కొట్టినా మారదు, మౌంట్ చేసేటప్పుడే ‘యూఐడీ=1000,జీఐడీ=1000’ ఇవ్వాలి.

ప్రతిసారీ కావాలా? ఎఫ్ఎస్‌ట్యాబ్

చేత్తో మౌంట్ చేయడం ఒక్కసారి పనికి. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పైకి తగిలించిన యూఎస్‌బీ డిస్కు ఎప్పుడూ కావాలంటే, బూట్‌లో ఏవి మౌంట్ కావాలో చెప్పే ‘/ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్’లో వరుస రాయాలి. ‘/డెవ్/ఎస్‌డీఏ1’ అని కాదు, ఆ పేరు తగిలించిన వరసను బట్టి మారుతుంది. ‘ఎల్ఎస్‌బీఎల్‌కే --ఎఫ్ఎస్’ చూపిన యూయూఐడీతో రాయండి. ఆప్షన్ల గడిలో ‘నోఫెయిల్’, ‘ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్’ రెండూ ఉండాలి.

నోఫెయిల్ లేకపోతే, డిస్కు తగిలి లేని రోజున సిస్టమ్‌డీ (బూట్‌ను నడిపించే ప్రోగ్రాం) 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. మారతహళ్లి పీజీలో కరెంటు పోయి వచ్చింది, పై తిరిగి లేచింది, యూఎస్‌బీ డిస్కు లేవలేదు అనుకోండి. మానిటర్ లేని ఆ పైలోకి ఎస్ఎస్‌హెచ్ కూడా దొరకదు.

నోఫెయిల్‌కూ ఒక చిక్కుంది. డిస్కు రాలేదు, మౌంట్ కాలేదు, కానీ ‘/డేటా’ అన్న ఖాళీ డైరెక్టరీ మాత్రం ఉంది. బ్యాకప్ స్క్రిప్టు దాంట్లోనే రాస్తూ పోతుంది, ఎస్‌డీ కార్డు నిండిపోతుంది. విరుగుడు చిన్నది. డిస్కు మౌంట్ కాని సమయంలో ‘సుడో ఛాటర్ +ఐ /డేటా’ కొట్టండి. ఆ ఖాళీ డైరెక్టరీలో ఇక ఎవరూ ఫైల్ సృష్టించలేరు, దానిమీద మౌంట్ చేయడం మాత్రం మామూలుగానే జరుగుతుంది.

ఎప్పుడో ఒకసారి వాడే డిస్కుకు ‘ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్’ మేలు. ఆ డైరెక్టరీని తాకినప్పుడే మౌంట్ అవుతుంది. ‘ఎక్స్-సిస్టమ్‌డీ.ఐడిల్-టైమౌట్=60’ పెడితే నిమిషం వాడకపోతే తానే విడిపోతుంది. ఫైల్ మార్చాక రీబూట్ చేసే ముందే ‘ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై’, ‘సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్’, ‘మౌంట్ --ఆల్’ ఈ మూడూ నడపండి. తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది.

మ్యాక్, విండోస్ వాళ్లకు రెండు ముక్కలు: మ్యాక్‌లో ‘హెచ్‌డీఐయుటిల్ అటాచ్ -రీడ్ఓన్లీ’, విప్పడానికి ‘డిటాచ్’. విండోస్ పవర్‌షెల్‌లో ‘మౌంట్-డిస్క్‌ఇమేజ్’, ‘డిస్‌మౌంట్-డిస్క్‌ఇమేజ్’, ఇవి ఐఎస్ఓకు, వీహెచ్‌డీకే. ఈఎక్స్‌టీ4 ఇమేజ్ అయితే డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్‌లోనే నడిచే లినక్స్) లోపలికి వెళ్లి పైన చెప్పిన లూప్ కమాండ్లే వాడండి.

విప్పేటప్పుడు

కమాండ్ పేరు యూమౌంట్, మధ్యలో ఎన్ లేదు. ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అంటే ఎవరో లోపల ఉన్నారు. ఎక్కువసార్లు అది ఇంకో టెర్మినల్ ట్యాబ్‌లో ఆ డైరెక్టరీలో నిలబడ్డ మీ షెల్లే. ‘సుడో ఫ్యూజర్ --వెర్బోస్ --మౌంట్ /ఎంఎన్‌టీ/పై’ ఎవరో చూపిస్తుంది. ‘యూమౌంట్ --లేజీ’ సమాధానం కాదు. పేరు మాత్రమే చెట్టులోంచి తీసేస్తుంది, లోపల ఫైల్ తెరిచి ఉన్నంతసేపు డిస్కు మౌంట్ అయ్యే ఉంటుంది. ఆ సమయంలో కేబుల్ పీకితే నష్టమే.

పొరలు ఎక్కిన వరసకు తిరగవేసి దిగాలి. ముందు యూమౌంట్, తర్వాత ‘వీజీచేంజ్ --యాక్టివేట్ ఎన్’, తర్వాత ‘క్రిప్ట్‌సెటప్ క్లోజ్’, చివర ‘లోసెటప్ --డిటాచ్’. వరస తప్పినా లోసెటప్ తప్పని చెప్పదు. మౌంట్ అయి ఉన్న లూప్‌ను విప్పమన్నా ఎర్రర్ లేకుండా ఒప్పేసుకుని, చివరి వాడకందారు వెళ్లాకే వదులుతుంది. కాబట్టి ఎర్రర్ రాలేదని ఊరుకోకండి, ‘లోసెటప్ --లిస్ట్’లో పేరు పోయిందో లేదో చూడండి.

గెస్ట్‌మౌంట్‌ను రాసే వీలుతో వాడి ఉంటే ‘గెస్ట్‌అన్‌మౌంట్’ ప్రాంప్ట్ తిరిగి ఇచ్చాక కూడా వెనకాల గెస్ట్‌మౌంట్ ప్రాసెస్ డిస్కు ఫైల్‌లోకి ఇంకా రాస్తూ ఉండవచ్చు. వెంటనే ఆ క్యూకౌ2ను కాపీ చేసి క్లయింటుకు పంపితే సగం మార్పులతోనే వెళ్తుంది. మౌంట్ చేసేటప్పుడే ‘--పిడ్-ఫైల్’ ఇచ్చి, అందులోని ప్రాసెస్ ముగిసేదాకా ఆగి కాపీ చేయండి. యూఎస్‌బీ డిస్కుకైతే యూమౌంట్ ప్రాంప్ట్ వచ్చేదాకా ఆగి, ‘యూడిస్క్స్‌సీటీఎల్ పవర్-ఆఫ్ --బ్లాక్-డివైస్ /డెవ్/ఎస్‌డీబీ’ కొట్టండి. డిస్కు తిరగడం ఆగిన చప్పుడు వినిపించాక కేబుల్ తీయండి.